చావుల లెక్క ఒక్కటే చాలదు

సూర్యారావుపేట ఆసుపత్రుల నుంచి మా ల్యాబ్‌కు వచ్చే డబ్బాల్లో ప్రొస్టేట్ ముక్కలు తరచూ ఉంటాయి. అవనిగడ్డ, కైకలూరు, గుడివాడ వైపు పెద్దవాళ్లవి. రాత్రుళ్లు పదేపదే లేవాల్సి వస్తున్నా ‘వయసు మీద పడింది, మామూలే’ అని ఓర్చుకుని, మూత్రం బిగుసుకుపోయాక వచ్చినవాళ్లే వారిలో ఎక్కువ. ఇంటివాళ్లు అడిగేది ఒక్కటే: ‘మామూలు వాపేనా, క్యాన్సరా?’ దానికి జవాబు కణం కేంద్రకంలో వెతుకుతాను.

ముందు ముక్క చెడకుండా చేరాలి. ఒంట్లోంచి బయటపడగానే కణజాలం తనను తానే జీర్ణించుకోవడం మొదలుపెడుతుంది. మా బెజవాడ ఎండల్లో అది మరీ త్వరగా జరుగుతుంది. వెంటనే పది శాతం ఫార్మలిన్‌లో మునిగేలా వేస్తేనే ఆగుతుంది. ఆలస్యమైతే కేంద్రకాలు అలుక్కుపోతాయి. కణం ఒంట్లో ఉండగా చచ్చిందో, డబ్బాలో చచ్చిందో తేల్చలేం. మూత్రనాళం గుండా కరెంటు తీగతో చెక్కి తీసిన ముక్కలకు అంచులు మాడి ఉంటాయి. ఆ అంచుల్ని చూసి నేను ఏ తీర్పూ చెప్పను.

మామూలు వాపులో ప్రతి గ్రంథికీ రెండు వరసల కణాలుంటాయి. కేంద్రకాలు చిన్నవిగా, ఒకే తీరున ఉంటాయి. క్యాన్సర్‌లో అడుగు వరస కనిపించదు. కేంద్రకం పెద్దదవుతుంది, దాని మధ్య కేంద్రకాంశం చుక్కలా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. కానీ ఇన్‌ఫెక్షన్ తగిలిన మంచి గ్రంథిలోనూ ఆ చుక్క తేలుతుంది. అందుకే చుక్క ఒక్కటే నమ్మకుండా అడుగు వరస ఉందో లేదో చూస్తాం. అనుమానం తీరకపోతే ఆ అడుగు వరస కణాల కేంద్రకాలకు రంగు పట్టించే పి63 పరీక్ష చేస్తాం. ఇక జబ్బు తీవ్రతను కొలిచే, 1966లో వచ్చిన గ్లీసన్ పద్ధతి కేంద్రకాన్ని పట్టించుకోదు, గ్రంథుల అమరికనే చూస్తుంది.

కేంద్రకంలో చావు కూడా కనబడుతుంది. ఒంటరిగా ముడుచుకున్న కణం, గట్టిపడి తునకలైన కేంద్రకం, చుట్టూ ఏ అలజడీ లేకుండా ఆ తునకల్ని మింగే పక్కకణాలు. ఈ తీరు చావును కెర్, వైలీ, కరీ 1972లో అపోప్టోసిస్‌గా వివరించారు. మరుసటి ఏడాది కెర్, సెర్ల్ వృషణాలు తీసేసిన ఎలుకల ప్రొస్టేట్‌లో అదే చూపించారు. పురుష హార్మోన్‌ను ఆపితే ప్రొస్టేట్ క్యాన్సర్ తగ్గుతుందని 1941లో చార్లెస్ హగిన్స్ చూపిన దానికి కణంలో ఏం జరుగుతుందో అలా తెలిసివచ్చింది.

క్యాన్సర్ కణానికి చావు లేదని చాలామంది అనుకుంటారు. స్లైడ్ మీద తీరు వేరు. తీవ్రమైన క్యాన్సర్‌లో చచ్చే కణాలు మామూలు గ్రంథిలో కంటే ఎక్కువే కనబడతాయి. పుట్టేవి అంతకన్నా ఎక్కువ, అదే ప్రమాదం. ప్రకాశం బ్యారేజీ దగ్గర కిందికి వదిలే నీటిని మాత్రమే చూసి మట్టం చెప్పలేం, పైనుంచి వచ్చేదీ తెలియాలి. ఇదీ అంతే. మామూలు వాపులోనూ ఈ రెండింటి తూకమే తప్పుతుంది, కాకపోతే ఏళ్ల మీద, నెమ్మదిగా.

మందులు ఈ తూకాన్ని మారుస్తాయి. హార్మోన్ చికిత్స తర్వాత క్యాన్సర్ గ్రంథులు ముడుచుకుపోతాయి, కేంద్రకాలు చిన్నవై చుక్క మాయమవుతుంది. ఆ సంగతి తెలియక గ్లీసన్ అంకె వేస్తే జబ్బు ఉన్నదానికంటే తీవ్రంగా తేలవచ్చు. వాపుకు వాడే ఫినాస్టరైడ్ నెలల తరబడి వాడితే రక్తంలో పీఎస్ఏ అనే ప్రొస్టేట్ ప్రొటీన్ దాదాపు సగానికి దిగుతుంది, ఆ అంకె చూసి నిశ్చింతగా ఉండకూడదు. కాబట్టి ముక్క పరీక్షకు ఇచ్చేటప్పుడు మీ నాన్నగారో, తాతగారో ఏ మందులు ఎన్నాళ్లుగా వాడుతున్నారో చీటీ మీద రాయించండి. ఆ రెండు వాక్యాలు మా తీర్పును మార్చగలవు.