ఉన్నిపూల నడుంసంచీ

ఓ నడుంసంచీ! పావడాల మాటున, పట్టీ ముడిన, పదిలంగా ఒదిగినదానా! పద్దెనిమిదో శతాబ్దంలో అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ ఇల్లాలి నడుమున నడకకో ఊపు ఊగినదానా! పావడా చీలికలోంచి చెయ్యి దూర్చే ఆ ఒక్కతెకు తప్ప నీ సొగసు ఎవరికి తెలుసు? ఎవరూ చూడని చోట ఇన్ని పూలెందుకు పూశావు, ఇన్ని తీగలెందుకు అల్లుకున్నావు? కడుపులో కత్తెర, వేలితొడుగు, సూదుల పుస్తకం, గుండుసూదుల దిండు. ఒంటినిండా వసంతం!

ఉన్నిదారమా, నిన్నేమని పొగడను! పట్టులా తళుక్కుమనవు, తళుకుతో ఏమార్చవు. అవిసెనార బట్టను హత్తుకుని, మెత్తగా ఉబ్బి, వెలుగును తాగి వెచ్చగా ఉంటావు. నీలిమందు తొట్టిలోంచి లేచేటప్పుడు పసుపుపచ్చన, గాలి సోకగానే ఆకుపచ్చన, అంతలోనే నీలాల నీలం! ఆ రంగు మారడం కళ్లారా చూసినవాళ్లకు ఇంకే ఇంద్రజాలం ఆనదు. కాడకుట్టులో కొమ్మవు, గొలుసుకుట్టులో లతవు, సూదుల పుస్తకంలో ఫ్లానెల్ పుటవు, అన్నీ నువ్వే.

సంచీ మీది ఆ ఆకును కాస్త దగ్గరగా చూడండి. ఈ అంచు నుంచి ఆ అంచుకు దారం పొడుగ్గా పరిచి, నడుమ చిన్న అడ్డకుట్టుతో అదిమి, అంచు పక్కనే సూది దించి, ఆ పక్కనే పైకి తేల్చారు. తిరగేస్తే వెనకాల చిన్నచిన్న చుక్కలే! ఉన్ని అంతా ముఖానికే మిగిలింది. దారం దొరకడమే గగనమైన ఇంట్లో పొదుపే ఇంత పొందికైంది. ముఖం వెలిసిపోయినా వెలుగు తగలని వీపు మీద ఆనాటి రంగు అలాగే ఉంటుంది. అందుకే, ఓ సంచీ, నిన్ను మళ్లీ కుట్టేవాళ్లు ముందు నీ వీపునే చదువుతారు.

నీ మీద కుట్టిన ఆ మెలితిరిగిన చెట్టు, ఆ చెట్టుకు విరిసిన ఏ తోటలోనూ లేని పూలు మనకు పరాయివా? మచిలీపట్నం వైపు నుంచి ఓడలెక్కిన కలంకారీ బట్టలకు అవి చుట్టాలే. ఇంగ్లండు నమూనాలు ఇటొచ్చాయి, మన కలం వాటికి తన వంపులద్ది అటు సాగనంపింది. ఎవరి తీగ ఎవరి కొమ్మకు పాకిందో ఇప్పుడు విడదీయడం ఎవరి తరం?

1896లో మసాచుసెట్స్‌లోని డీర్‌ఫీల్డ్‌లో మార్గరెట్ వైటింగ్, ఎలెన్ మిల్లర్ పాత పెట్టెల్లోని ఇలాంటి కుట్టుపూలను వెతికి తీసి, నీలి తెలుపు కుట్టుపని సంఘం పెట్టి, మళ్లీ పూయించారు. వాళ్లు పట్టింది నారదారం. ఆ చేతులకు దండం పెడతాను గానీ, నా మొగ్గు ఉన్నివైపే.

ఈ సంచీని మళ్లీ కుడుతున్న చేతులకు ఒక్కటే విన్నపం. అద్దం వెనక బిగించకండి. నడుముకు కట్టుకోండి, కత్తెరా సూదులూ వేసుకుని వాడండి. చిమ్మటలు చేరకుండా అప్పుడప్పుడూ దులిపి గాలికి ఆరేయండి.