మోహనలో చేర్పు స్వరాలు: రాగనిర్దేశం చాలని చోటు

తెలుగు సినిమా పాటపై వస్తున్న సిద్ధాంత గ్రంథాలలో సంగీతానికి కేటాయించిన అధ్యాయం చాలావరకు రాగనిర్దేశంతోనే ముగుస్తున్నది. ‘మాయాబజార్’ (1957)లోని ‘లాహిరి లాహిరి’ మోహన రాగమని రాయగానే విశ్లేషణ పూర్తయినట్లు భావిస్తున్నాం. నా సిద్ధాంత గ్రంథంలో నేనూ అదే చేశాను. ఆ పాట బాణీ సాలూరి రాజేశ్వరరావుదనీ, వాద్యగోష్ఠి కూర్పు ఘంటసాలదనీ ప్రసిద్ధి. రాగం పేరు మొదటి పనిని మాత్రమే వివరిస్తుంది. రెండవ పనిని గురించి మాట్లాడే పరిభాషను మన విమర్శ ఇంకా సమకూర్చుకోలేదు.

వారాసిగూడలో మా కింది వాటాలో ఉండే విద్యార్థి ఒకరు కీబోర్డుపై మోహన వాయిస్తూ, కుడిచేతి స్వరాలు మారకపోయినా ఎడమచేతి వేలు మారితే పాట ఎందుకు దిగులుగా వినిపిస్తుందని అడిగారు. ఈ వ్యాసానికి ప్రేరణ ఆ ప్రశ్నే.

మోహన స్వరాలు స, రి, గ, ప, ద. వీటిలో స-గ-ప కలిపి పలికితే మేజర్ కార్డు. దానికి నిషాదం చేర్చే వీలు లేదు. రాగంలో అది వర్జ్యం. చేర్చదగినవి రి, ద మాత్రమే. ధైవతం చేర్చితే స-గ-ప-ద, అంటే మేజర్ సిక్స్త్ కార్డు. రిషభం కూడా చేరితే ఐదు స్వరాలూ ఏకకాలంలో పలుకుతాయి: రాగం మొత్తం ఒక్క కార్డవుతుంది.

చిక్కు ఇక్కడే ఉంది. స-గ-ప-దలో ధైవతాన్ని అడుగుకు దించితే ద-స-గ-ప ఏర్పడుతుంది. స్వరాలు అవే, అయితే ధైవతాన్ని మూలంగా వింటే అది మైనర్ సెవెంత్ కార్డు. అడుగున ఉన్న స్వరమే మూలస్వరం కానక్కరలేదని ఫ్రెంచి సంగీతవేత్త రామో 1722 నాటి హార్మనీ గ్రంథంలో సిద్ధాంతీకరించాడు. కాని ఈ కార్డుకు ‘స’ మూలమా, ‘ద’ మూలమా అన్నది స్వరాల జాబితా చెప్పలేదు, సందర్భమే చెప్పాలి.

మన శాస్త్రంలో దీనికి దగ్గరి భావన గ్రహభేదం. మోహనలో ధైవతాన్ని షడ్జంగా భావిస్తే శుద్ధ ధన్యాసి వస్తుంది. అయితే రెండూ ఒకటి కావు. కచేరీలో తంబూరా షడ్జాన్ని వదలదు కనుక గ్రహభేదం క్షణకాలపు భ్రమగానే నిలుస్తుంది. సినిమా వాద్యగోష్ఠిలో మంద్రస్వరం చరణం మధ్యలోనైనా కదలవచ్చు. గాయకుడు మోహననే పాడుతున్నా శ్రోత చెవికి శుద్ధ ధన్యాసి నీడ సోకుతుంది. విద్యార్థి విన్న దిగులు అదే.

కనుక పాట విశ్లేషణలో రాగం పేరు పక్కన, పల్లవిలోనూ చరణంలోనూ మంద్రస్వరం ఏదో నమోదు చేయాలని నా ప్రతిపాదన. పాత ముద్రణలలో ఆ స్వరం స్పష్టంగా వినబడని చోట ‘మోహన’ అని ధీమాగా రాయడం కంటే ఆ గడిని ఖాళీగా వదలడమే నిజాయితీ.