నల్లా దగ్గర ఎవరున్నారు? ర్యాగింగ్ చట్టం, బెర్గెన్ పద్ధతి

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లో ర్యాగింగ్ నిషేధ చట్టం చేసింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణలోనూ అదే నడుస్తోంది. అంతకు పద్నాలుగేళ్ల ముందు, 1983లో, నార్వే ప్రభుత్వం బడుల్లో పిల్లలు పిల్లలను వేధించడాన్ని ఆపడానికి దేశమంతటా ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. 1982లో ఆ దేశపు ఉత్తర ప్రాంతంలో పది, పద్నాలుగేళ్ల మధ్య వయసున్న ముగ్గురు అబ్బాయిలు తోటివాళ్ల వేధింపు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నారన్న వార్త దాని వెనుక ఉంది. మన చట్టం కాలేజీని చూసి పుట్టింది, వాళ్ల పద్ధతి బడిని చూసి పుట్టింది. మా షాబాద్, చేవెళ్ల, మొయినాబాద్ మండలాల పిల్లల కోసం ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవాల్సిన అవసరం ఇక్కడే వచ్చింది.

మా వైపు ఇంజినీరింగ్ కాలేజీలు ఎక్కువ. అందుకని ఈ చర్చ ఎప్పుడూ కాలేజీ గేటు దగ్గరే ఆగిపోతుంది. 2022 నవంబరులో పక్కనే శంకర్‌పల్లి మండలంలో ఒక ప్రైవేటు విద్యాసంస్థ హాస్టల్లో ఒక కుర్రాడిని కొట్టిన వీడియో బయటికొచ్చింది. పోలీసు కేసయింది, సస్పెన్షన్లయ్యాయి. వీడియో ఉంది కాబట్టి అందరూ కదిలారు. ఆరో తరగతి పిల్లవాడి బాధకు వీడియో ఉండదు.

చట్టం మాటలో బలముంది, కాదనను. సాటి విద్యార్థికి అవమానం, భయం, బెదురు, గాయం కలిగించే పనీ, కలిగించగల పనీ ర్యాగింగే అంటుంది. ఏడిపించినా, అవమానించినా ఆరు నెలల వరకు జైలు. కొట్టినా, బెదిరించినా ఏడాది. నిర్బంధించినా, గాయపరచినా రెండేళ్లు. గాయం తీవ్రమైతే ఐదేళ్లు. ప్రాణం పోతే, లేదా ఆత్మహత్యకు కారణమైతే పదేళ్లు లేదా యావజ్జీవం. నష్టం పెరిగేకొద్దీ శిక్ష పెరుగుతుంది. ప్రతి మెట్టులోనూ చట్టం చూసేది ఒక చర్యను, ఆ చర్య చేసిన లేదా దానికి తోడ్పడిన మనిషిని.

బడిలో సంగతి అలా ఉండదు. షాబాద్ నుంచి చేవెళ్ల వెళ్లే బస్సులో ఒకడి బ్యాగు వెనక సీటుకు విసిరితే, ఆ ఒక్కపూట అది ఆటే. అదే బ్యాగు రోజూ ఎగిరితే, వాడి పేరు మరిచిపోయి అందరూ ‘నత్తోడా’ అనే పిలిస్తే, వాడు బస్సెక్కే ముందే కడుపునొప్పి అంటాడు. అందులో ఏ రోజు చర్యను విడిగా తీసి చూపించినా కేసు నిలవదు. నార్వేలోని బెర్గెన్‌లో పనిచేసిన మనస్తత్వవేత్త డాన్ ఓల్వెయస్ సరిగ్గా ఇది పట్టుకున్నాడు. కావాలని చేయడం, పదేపదే చేయడం, ఎదుటివాడు తనను తాను కాపాడుకోలేని స్థితిలో ఉండడం, ఈ మూడూ కలిస్తేనే వేధింపు అన్నాడు. బడి పిల్లల విషయంలో మన చట్టం కంటే ఈ నిర్వచనమే నిజానికి దగ్గర.

ఇంకొకటి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు తప్పు చేస్తే వాళ్లు వెళ్లేది 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం కిందికి. అంటే ఆరు నుంచి పది దాకా చదివే పిల్లల దగ్గరికొచ్చేసరికి ఆ జైలు శిక్షలన్నీ దాదాపు కాగితానికే పరిమితం. ఆ వయసుకు జైలు ఉండకూడదు కూడా. పన్నెండేళ్లవాడిని జైలు పేరుతో భయపెట్టి బడిని బాగుచేయగలమని నేను నమ్మను. అలా భయపెడితే హెడ్మాస్టరు ‘బడి పేరు పోతుంది’ అని విషయాన్ని లోపలే తొక్కిపెట్టడమే ఎక్కువ జరుగుతుంది.

బెర్గెన్‌లో ఆ జాతీయ కార్యక్రమం కింద 42 బడుల్లో, సుమారు 2,500 మంది పిల్లలతో పని జరిగింది. మొదట పేరు రాయనక్కర్లేని ప్రశ్నపత్రం ఇచ్చారు. ఎంతమందిని, ఎక్కడ, ఎవరు ఏడిపిస్తున్నారో పిల్లలే చెప్పారు. తర్వాత విరామ సమయంలో పెద్దలు ఆవరణలో ఉండేలా చూశారు, తరగతిలో నియమాలు పెట్టారు, ఏడిపించినవాడితో, వాడి తల్లిదండ్రులతో గట్టిగా మాట్లాడారు. రెండేళ్లలో వేధింపు సుమారు సగానికి తగ్గింది. అన్నిచోట్లా ఇలా జరగలేదు. అదే కార్యక్రమాన్ని నార్వేలోనే రోగలాండ్‌లో మూడేళ్ల తర్వాత పరిశీలించిన పరిశోధకుడు ఎర్లింగ్ రోలాండ్‌కు ఇంత మంచి ఫలితం కనిపించలేదు. పట్టించుకుని పనిచేసిన బడుల్లో మేలు, మిగతాచోట్ల అంతంతమాత్రం.

ఆ పద్ధతిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది, ఓల్వెయస్ రాజీ కుదర్చడాన్ని ఒప్పుకోకపోవడం. మన బడుల్లో ఫిర్యాదు వస్తే సారు ఇద్దరినీ పిలుస్తారు. ‘ఇద్దరూ చేతులు కలపండి, ఇంకోసారి కొట్లాడొద్దు’ అంటారు. దెబ్బ తిన్నవాడు కూడా క్షమాపణ చెప్పి బయటికి వస్తాడు. సమానుల మధ్య తగవుకు అది సరిపోతుంది. బలమున్నవాడికీ లేనివాడికీ మధ్య అలా చేస్తే, లేనివాడికి ఇక చెప్పుకునే చోటు మిగలదు.

ఫిన్లాండ్‌లో క్రిస్టినా సాల్మివల్లి ఇంకో అడుగు ముందుకు వేసింది. తుర్కు విశ్వవిద్యాలయంలో ఆమె బృందం తయారుచేసిన ‘కీవా’ 2009 నుంచి ఆ దేశమంతటా బడుల్లోకి వెళ్లింది. దాని చూపు ఎక్కువగా చుట్టూ ఉన్నవాళ్ల మీద ఉంటుంది. తెల్లవారుజామున మన హాస్టల్లో నల్లా దగ్గర వరసను తలుచుకోండి. ఆరో తరగతివాడి బకెట్‌ను తొమ్మిదో తరగతివాడు కాలితో వెనక్కి నెడతాడు. ఒకడు అతనికి తోడుగా ముందుకొస్తాడు. ముగ్గురు నవ్వుతారు. ఇంకో నలుగురు పళ్లు తోముకుంటూ పక్కకు చూస్తారు. ఆ నవ్వు లేకపోతే రేపు ఆ కాలు లేవడం కష్టం. నవ్విన ముగ్గురికీ, పక్కకు చూసిన నలుగురికీ మన చట్టంలో విడిగా పేరు లేదు.

అయితే నార్వే నుంచి తెచ్చినదాన్ని అలాగే షాబాద్‌లో దించడానికి నేను ఒప్పుకోను. ఓల్వెయస్ పరిశోధనలో కళ్లద్దాలు, జుట్టు రంగు, లావు లాంటి తేడాలు వేధింపుకు అసలు కారణాలు కావని తేలింది. పిరికితనం, శరీర బలం లేకపోవడం ముఖ్యమని తేలింది. మన దగ్గర పిల్లవాడి బలం వాడి కండల్లోనే ఉండదు. ఏ వాడ నుంచి వచ్చాడు, ఇంటిపేరేమిటి, నాన్న ఏం పని చేస్తాడు, హాస్టలా, ఇంటి నుంచి వస్తాడా, ఇవన్నీ మొదటి వారంలోనే తేలిపోతాయి. మా చందన్‌వెల్లి ఫ్యాక్టరీల్లో పనికి ఉత్తరాది నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలైతే వచ్చీరాని తెలుగు కూడా తోడవుతుంది. కులం మాట 1997 చట్టంలో లేదు, బెర్గెన్ పద్ధతిలో ఉండే అవకాశమే లేదు. యూజీసీ 2016లో తన ర్యాగింగ్ నిబంధనలకు చేసిన సవరణలో కులం, మతం, ప్రాంతం, భాష, ఆర్థిక స్థితి పేరిట వేధించడం, వెలివేయడం కూడా ర్యాగింగే అని చేర్చింది. ఆ రక్షణ కాలేజీకే. అదే ఊరి ఏడో తరగతి పిల్లకు ఆ వాక్యం ఎందుకు వర్తించకూడదో నాకు అర్థం కాదు.

ఇక మన చట్టంలో ఓల్వెయస్ దగ్గర లేని మంచి మాట ఒకటుంది. ఫిర్యాదు వచ్చినా చర్య తీసుకోకుండా ఊరుకుంటే, ఆ సంస్థ బాధ్యుడు నేరానికి తోడ్పడినవాడే అంటుంది. పిల్లవాడి మీద పడే బరువును పెద్దవాడి మీద పెట్టిన మాట ఇది. లోపమంతా ‘ఫిర్యాదు’ అనే షరతులోనే ఉంది. పిల్లలు ఫిర్యాదు చేయరు. చేస్తే ‘చాడీలు చెప్పేటోడు’ అన్న ఇంకో పేరు వస్తుంది. అందుకే రెండింటినీ కలపాలంటాను. ఏడాదికి రెండుసార్లు ప్రతి బడిలో, ప్రతి హాస్టల్లో పేరు లేని ప్రశ్నపత్రం ఇవ్వాలి. ఎక్కడ భయమేస్తుంది, ఏ సమయంలో, నల్లా దగ్గరా, మూత్రశాల దగ్గరా, బస్సులోనా అని అడగాలి. ఒకే చోటును ముగ్గురు పిల్లలు రాస్తే దాన్ని చట్టం చెప్పిన ఫిర్యాదుగానే లెక్కగట్టాలి. ఆ చోట ఏ పెద్దమనిషిని ఏ గంట నుంచి ఏ గంట దాకా ఉంచారో హెడ్మాస్టరు, వార్డెన్ రిజిస్టరులో రాయాలి. మండల విద్యాధికారి తనిఖీకి వచ్చినప్పుడు మొదట ఆ రిజిస్టరే తెరవాలి.