పువ్వు లేని వసంతం

వాటర్‌కలర్ నేర్చుకుంటామని వచ్చేవాళ్లకు నేను ముందుగా చూపించేది వెయ్యేళ్లకు దగ్గరపడుతున్న ఒక చైనా బొమ్మ. సోంగ్ చక్రవర్తుల ఆస్థానంలో పనిచేసిన గువో షి 1072లో గీసిన ‘తొలి వసంతం’ అది. ఇప్పుడు తైపీలోని నేషనల్ ప్యాలెస్ మ్యూజియంలో ఉంది. పట్టు మీద నల్లసిరా, పలచగా కాస్త రంగు.

పేరుకు వసంతమే గానీ ఎంత వెతికినా పువ్వు కనిపించదు. చెట్లు చాలావరకు మోళ్లే, కొమ్మలు పీతగోళ్లలా వంకర్లు తిరిగి ఉంటాయి. ఋతువు మారిందని చెప్పేది నీళ్లు. కుడివైపు రాళ్ల సందున జలపాతం అంచెలంచెలుగా దిగుతుంది. లోయలో లేచిన పొగమంచు కొండ నడుమును కమ్మేసింది. చెట్టుకు ఆ సంగతి ఇంకా తెలియదు.

గువో షి చెప్పిన మాటలను కొడుకు గువో సి గ్రంథంగా కూర్చాడు. కొండకు నీళ్లు రక్తనాళాలట, చెట్టూ గడ్డీ వెంట్రుకలట, మంచూ మబ్బూ ముఖవర్చస్సట. కవిత్వంలా వినిపించినా ఇది పని నేర్పే మాట. నాళం మధ్యలో తెగకూడదు కదా! వాగు బండ వెనక దాగినా మళ్లీ ఎక్కడ తేలుతుందో కంటికి అందాలి. అందుకే ఎవరు సెలయేరు గీసి చూపించినా, ఈ నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయని అడుగుతాను. వాటర్‌కలర్‌లో పారే నీటిని మేము గీయం. రాళ్లూ గట్లూ గీసి, మధ్యలో కాగితాన్ని తెల్లగా వదిలేస్తాం. ఆ తెలుపు మీద ఒకసారి రంగు పడిందా, మళ్లీ పూర్తిగా రాదు.

పెద్దకొండ చక్రవర్తి, పొడవాటి పైన్ చెట్టు పెద్దమనిషి, చుట్టూ చిన్నచెట్లు పరివారం అన్న అర్థమూ ఆ గ్రంథంలో ఉంది. ఆస్థానానికి అది నచ్చే ఉంటుంది. నన్ను కదిలించేది మరోటి. కొలువునూ కన్నవాళ్లనూ వదిలి అడవికి పోలేని మనిషికి ఇంట్లోనే కొండాకోనా చూపించడానికే ఈ బొమ్మలన్నాడు గువో షి. చూసి ఊరుకునే దృశ్యంకన్నా తిరగాలనిపించేదీ, కాపురముండాలనిపించేదీ మేలన్నాడు.

బొమ్మ అడుగున మనుషులను పెట్టింది అందుకేననుకుంటాను. ఎడమవైపు పడవ దిగిన తల్లీ పిల్లలూ, కుడివైపు జాలరి. మరీ చిన్నవాళ్లు, వెతికితే తప్ప దొరకరు. దొరికాక మాత్రం పైన్ చెట్టు ఎంత ఎత్తో, ఆ నీళ్లు ఎంత దూరంనుంచి దిగివచ్చాయో ఒక్కసారిగా తెలుస్తుంది.