చెరువులో మెరక

పోయిన ఆదివారం మా అక్క కూతురు కడప నుంచి కర్నూలుకు వచ్చింది. సంచిలో ఒక పాత ల్యాప్‌టాప్. కాలేజీ ప్రాజెక్టు కోసం ఎవరో వాడి అమ్మినదాన్ని కొన్నారు. "నలభై శాతం ఉందని చూపిస్తాంటుంది మామా, ఉన్నట్టుండి ఆరిపోతాది. అంగట్లో చూపిస్తే మదర్‌బోర్డు పోయిందంటాండారు" అంది. బోర్డుకు వాళ్లు చెప్పిన ధర ఆ ల్యాప్‌టాప్ కొన్న ధరలో సగానికి పైనే. ఒక్క మర కూడా విప్పకుండా చెప్పిన మాట అది. నాకు ఒళ్లు మండింది.

ఈ శీర్షికను మొదటి నుంచీ చదువుతున్నవారికి నా పట్టుదల తెలుసు. మిక్సీ గురించి రాసినా, నాన్న రేడియో గురించి రాసినా ఒకటే చెప్పాను: ముందు కొలవాలి, తర్వాత బాగుచేయాలి, పారేయడం చివరి మాట. ఈ వారం కూడా అదే రాద్దామని కూర్చున్నాను.

ముందు చార్జర్ చూశాం. దాని మీది ఓల్టులూ వాట్లూ ల్యాప్‌టాప్ అడుగున రాసినవాటితో సరిపోయాయి. బ్యాటరీ ఊడదీసి ఒట్టి చార్జర్ మీద నడిపితే రెండు గంటలు ఏ పేచీ లేకుండా నడిచింది. బోర్డు నిక్షేపంగా ఉంది. తర్వాత కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పవర్‌సీఎఫ్‌జీ అని, కాస్త ఖాళీ వదిలి, ఒక వాలుగీత, దాన్ని ఆనుకుని బ్యాటరీరిపోర్ట్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాం. విండోస్ ఒక నివేదిక రాసి పెట్టింది. అందులో చూడాల్సినవి రెండు సంఖ్యలు. కొత్తలో ఎంత పట్టేదో చెప్పేది డిజైన్ కెపాసిటీ, ఇప్పుడు నిండితే ఎంత పడుతుందో చెప్పేది ఫుల్ చార్జ్ కెపాసిటీ. మా దాంట్లో మొదటిది 47,520 మిల్లీవాట్ అవర్లు, రెండోది 29,300.

మన సీమలో ఈ రెండు సంఖ్యల తేడా తెలియని రైతు ఉండడు. తుంగభద్ర డ్యాం 1953లో పూర్తయినప్పుడు దాదాపు 133 టీఎంసీలు పట్టేది. పూడిక పోను ఇప్పటి లెక్క 105 చిల్లర. డ్యాం నిండిందని పేపర్లో వచ్చినా కేసీ కాలువ చివరి పొలానికి నీళ్లు ఎందుకు రాలేదో ఆ తేడాలో కొంత ఉంది.

చెరువుల మాట వస్తే నేను పోరుమామిళ్ల దగ్గర ఆగకుండా ఉండలేను. కడప జిల్లాలోని ఆ చెరువును బుక్కరాయల కొడుకు భాస్కరుడు తవ్వించాడు. 1369 నాటి సంస్కృత శాసనం ఇప్పటికీ ఉంది. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో రాయించారు. అంతటితో ఊరుకోలేదు. మంచి చెరువుకు పన్నెండు సాధనాలు కావాలన్నారు, వాటిలో ఒకటి జలశాస్త్రం తెలిసిన మనిషి. ఆపైన ఆరు దోషాలు చెప్పారు. గట్టు నుంచి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం, చెరువు నడుమ మెరక, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం. ఆరున్నర శతాబ్దాల కిందట మన నేల మీద ఒక వస్తువు ఎలా చెడుతుందో ఇంత తీరుగా వరస కట్టి రాతి మీద చెక్కించారు. ఆ శాసనం చదివిన రోజు నుంచీ నేను ఏది చెడినా ముందు దోషాల జాబితా రాసుకుంటాను.

ఆ దోషాల్లో బ్యాటరీకి వర్తించేవి వరసగా చూశాం. ఊట ఉందా? రాత్రి పూర్తిగా ఆపి పెట్టి పొద్దున చూస్తే శాతం దిగలేదు. ఆయకట్టు ఎక్కువా? తెర వెలుతురు తగ్గించి, వెనక ఊరికే నడుస్తున్న ప్రోగ్రాములు ఆపాం. కొంచెం నయం, అయినా నలభై దగ్గర ఆరిపోవడం మానలేదు. మిగిలింది నడుమ మెరక.

ఆ ప్యాక్‌లో ఆరు సెల్లులు. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు, అందుకే వాటిని 18650 అంటారు. రెండేసి ఒక జత, మూడు జతలు వరసగా. ఒక్క జత బలహీనపడితే చాలు, దాని ఓల్టేజీ హద్దు దిగగానే రక్షణ సర్క్యూట్ మొత్తం ప్యాక్‌ను ఆపేస్తుంది. మిగతా రెండు జతల్లో ఎంత ఉన్నా అందదు. బ్యాటరీలో నడుమ మెరక అంటే ఆ బలహీనమైన జతే. ఇక లెక్క చెప్పే చిప్ పాత అంచనాతోనే నలభై అంటూ ఉంటుంది.

చిప్ లెక్క సరిచేయడానికి నిండా చార్జ్ చేసి, ఆరిపోయేదాకా వాడి, మళ్లీ ఆపకుండా నింపాం. రిపోర్టు తీస్తే 29,300 కాస్తా 17,800 అయింది. "బాగుపడతాదనుకుంటే ఇంకా తగ్గె గదా మామా" అని ఆ పిల్ల మొహం చిన్నబుచ్చుకుంది. "బ్యాటరీ తగ్గలేదు పాపా, లెక్క నిజమైంది" అన్నాను.

ఇక పాత ప్యాక్ విప్పి సెల్లులు మార్చే మనిషి దగ్గరికి పోదామన్నది నా సహజమైన ఆలోచన. చెరువు పూడితే పారేస్తామా, మట్టి తీసి చేలకు తోలుకుంటాం కదా అనుకున్నాను. కానీ ఆ పోలిక అక్కడే విరిగిపోయింది. లిథియం బ్యాటరీ లోపల గ్రాఫైట్ మీద ఒక పొర మందమవుతూ పోతుంది, కొంత లిథియం అందులో చిక్కుకుపోతుంది. దాన్ని ఏ గంపతోనూ ఎత్తిపోయలేం. మన ఎండలు ఆ పొరను త్వరగా పెంచుతాయి. నూరు శాతం నింపి, 44 డిగ్రీల మే నెలలో, రేకుల గదిలో, బొంత మీద పెట్టి పగలంతా చార్జర్‌కు తగిలిస్తే బ్యాటరీకి అంతకన్నా చేటు లేదు. సెల్లులు మార్చేచోట వేరే ప్యాక్‌లలోంచి తీసినవి వేస్తే మెరక మళ్లీ తయారవుతుంది. అతుకు సరిగా పడకపోతే షార్ట్, షార్ట్ అయితే మంట. ఆ ల్యాప్‌టాప్ ఆడపిల్లల హాస్టల్ గదిలో ఉండబోతోంది.

కాబట్టి ఇన్నేళ్ల నా మాటకు ఈ ఒక్కచోట మినహాయింపు ఇస్తున్నాను. ల్యాప్‌టాప్‌ను బాగుచేయండి, బ్యాటరీని మాత్రం విప్పకండి. బీఐఎస్ గుర్తు ఉన్న కొత్త ప్యాక్ తెప్పించాం. చార్జింగ్ ఎనభై దగ్గర ఆగేలా సెట్టింగ్ పెట్టాం. మంచం మీద కాకుండా చల్లటి బండల మీద పెట్టి వాడుకోమన్నాను. బ్యాటరీ లోపలే ఉండే పలచటి రకాల్లో టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బితే మాత్రం ఆ క్షణమే చార్జర్ తీసేయాలి.

పాత ప్యాక్ కొనలకు టేపు చుట్టి విడిగా పెట్టాను. వాడేసిన బ్యాటరీని మామూలు చెత్తలో కలపకూడదని 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. మీరు కూడా చెత్తబండిలో వేయకండి. పాత ల్యాప్‌టాప్ కొనబోతుంటే ఆ రిపోర్టు అమ్మే మనిషి ఎదుటే తీయించి, రెండు సంఖ్యలూ చూశాకే డబ్బు చేతికివ్వండి.