టాక్సీలోంచి టెహ్రాన్

ఇరాన్ సినిమాలు చూడ్డం మొదలుపెట్టిన కొత్తలో ఒకటి అంతుపట్టేది కాదు. సొంత ఇంట్లో, కట్టుకున్న మొగుడి ముందు కూడా ఆడమనిషి తలగుడ్డ తీయదేం? అక్కడ పరాయివాడెవడూ లేడు కదా! ఉన్నాడు, ప్రేక్షకుడు. 1979 విప్లవం తర్వాత వచ్చిన లెక్క అది. దాంతో తెర మీద ఏ ఇల్లూ ఇల్లులా ఉండదు.

ఆ అబద్ధం మింగుడుపడకే కాబోలు, అబ్బాస్ కియరోస్తామి కెమెరాను గడప దాటించాడు. ‘టెన్’ (2002) మొత్తం కారులోనే. బయట గుడ్డ ఎటూ తప్పదు కాబట్టి అక్కడ అది నిజమే. అద్దాలు ఎత్తుకున్నాక మాటలూ నిజమే. ప్రేమించినవాడు వదిలేసిన ఒకమ్మాయి తల మీది గుడ్డ జారితే కింద నున్నటి గుండు. వెంట్రుకలు కనబడకూడదన్నారు సరే, గుండు సంగతేమిటి?

2010లో మరో దర్శకుడు జాఫర్ పనాహీకి ఆరేళ్ల జైలుశిక్ష, ఇరవయ్యేళ్లపాటు సినిమా తీయొద్దని నిషేధం. అయినా ఆయన తానే టాక్సీ డ్రైవరై, డాష్‌బోర్డు మీద కెమెరా పెట్టుకుని టెహ్రాన్‌లో తిరిగాడు. ఆ ‘టాక్సీ’కి 2015లో బెర్లిన్‌లో గోల్డెన్ బేర్ ఇచ్చారు. అందులో బడి నుంచి వచ్చిన మేనకోడలు కారెక్కుతుంది. చిన్న సినిమా తీసుకురమ్మన్నారట. టీచరు చెప్పిన నియమాలు నోట్సు చూసి చదువుతుంది: ఆడా మగా తాకకూడదు, మంచివాడు టై కట్టకూడదు, బతుకులోని చీకటి చూపించకూడదు. తర్వాత ఆ పిల్ల కిటికీలోంచి ఒక పెళ్లిజంటను తీస్తుంటే పెళ్లికొడుకు డబ్బు కింద పడుతుంది. చెత్త ఏరుకునే కుర్రాడు తీసి జేబులో వేసుకుంటాడు. ఇచ్చెయ్యమని పిల్ల వాణ్ని పిలిచి మరీ బతిమాలుతుంది. నీతి కోసమా? అబ్బే! వాడు ఇవ్వకపోతే తన సినిమా ప్రదర్శనకు పనికిరాదు, అదీ ఆమె బాధ. సెన్సారు కత్తెర ఆఫీసు గది దాటి బడిపిల్ల సంచిలోకి ఎలా వచ్చేస్తుందో ఇంత తేటగా చెప్పిన సన్నివేశం నేను మరొకటి చూడలేదు.

అంత కట్టడి ఉండబట్టే అంత మంచి సినిమాలొచ్చాయని మనవాళ్లు కొందరంటారు. వింటే ఒళ్లు మండుతుంది. చప్పట్లు మనవి, జైలు వాళ్లది. పనాహీని 2022లో మళ్లీ పట్టుకెళ్లారు. ఎవిన్ జైల్లో నిరాహారదీక్షకు కూర్చున్నాకే, 2023 ఫిబ్రవరిలో వదిలారు.

‘టాక్సీ’ చివర పేర్లు పడవు. ప్రదర్శనకు అనుమతి దొరికిన సినిమాలకైతే ఆ పేర్లను సాంస్కృతిక మంత్రిత్వశాఖ ఆమోదిస్తుంది. దీనికి అనుమతే లేదాయె. ఎర్రచేపల గాజుగిన్నెతో ఎక్కిన ఇద్దరు ముసలమ్మలకీ, దొంగ డీవీడీలు అమ్మేవాడికీ, తెర వెనక పనిచేసినవాళ్లకీ కలిపి ఒకటే కృతజ్ఞత.