ఖాళీగా ఉన్నప్పుడు అల్లే లేసు

నరసాపురం చుట్టుపక్కల పల్లెల్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక వీధి వెంట నడిస్తే, అరుగుల మీద ఆడవాళ్లు కనిపిస్తారు. ఒడిలో తెల్లగుడ్డ, అందులో దారపుండ, చేతిలో జానెడైనా లేని కొక్కెం సూది. ఏం పని చేస్తారమ్మా అని అడిగామా, "ఏం లేదండి, ఇంటికాడే ఉంటాం. ఖాళీగా ఉన్నప్పుడు లేసు అల్లుకుంటామండి" అంటారు.

ఆ 'ఖాళీ' అన్న మాటతోనే నాకు పేచీ.

ఈ పని ఇక్కడికి మిషనరీలతో వచ్చింది. విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు మిషనరీలు తమ భార్యలతో సహా 1836లో ఇంగ్లండు నుంచి వచ్చి, ఆ తర్వాత నరసాపురంలో స్థిరపడ్డారు. గోదావరి డెల్టా మిషన్‌కు అదే మొదలు. లేసు మాత్రం మెక్రే అనే స్కాటిష్ మిషనరీ దంపతులు నేర్పారని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. ఎవరు నేర్పినా అవసరం ఒకటే. కొత్తగా క్రైస్తవంలోకి వచ్చిన బీదింటి స్త్రీలకు పెట్టుబడి లేదు, భూమి లేదు, మగ్గం వేసుకునేంత ఇల్లూ లేదు. లేసుకు ఇవేవీ అక్కర్లేదు, ఒక సూదీ కాస్త దారమూ ఉంటే చాలు.

అసలు గుట్టు ఆ పనితనంలోనే ఉంది. మగ్గం మీద వందల పోగులు ఒకేసారి బిగిసి ఉంటాయి. స్వెటర్ అల్లే సూదుల మీద బోలెడు ముడులు వరసకట్టి ఉంటాయి, ఒకటి జారినా తంటానే. క్రోషా లేసులో ఎప్పుడు చూసినా తెరిచి ఉండేది ఒకే ఒక్క ముడి. కొక్కేనికి మొదటి ముడి తగిలించి, అందులోంచి దారం లాగి, మళ్లీ అందులోంచి లాగితే గొలుసు. గొలుసు కొసలు కలిపితే ఉంగరం. దారాన్ని సూదికి ఒక చుట్టో రెండు చుట్లో వేసి, ఆ ఉంగరం చుట్టూ పొడవు కుట్లు నిలబెడుతూ పోతే పువ్వు. మధ్యలో బిడ్డ ఏడిస్తేనో, పాలు పొంగితేనో ఆ ఒక్క ముడినీ కాస్త పొడవుగా లాగి పక్కన పెట్టి లేవొచ్చు. గంట తర్వాత వచ్చినా పని అక్కడే ఆగి ఉంటుంది. తప్పు పడితే దారం కొస పట్టి లాగితే చాలు, వరస వరసంతా విడిపోతుంది, అంగుళం దారం కూడా వృథా కాదు. పొయ్యికీ ఊయలకీ మధ్య తిరిగే మనిషి కోసమే ఎవరో కూర్చుని ఆలోచించినట్టుంటుంది.

అంతమాత్రాన తేలిక అనుకోవద్దు. కూర తరిగి వచ్చి పసుపంటిన వేలితో తెల్లదారం పట్టుకుంటే ఆ పువ్వు పోయినట్టే. ఎడమచేతి చిటికెన వేలికి దారం చుట్టి, చూపుడువేలు మీదుగా తెచ్చి పట్టే బిగువు మొదటి పువ్వు నుంచి నూరో పువ్వు దాకా ఒక్కలా ఉండాలి. ఎందుకంటే ఈ పువ్వులన్నీ ఒకే టేబుల్ క్లాత్‌లోకి చేరతాయి. ఒకరి చెయ్యి బిగువైతే గుడ్డ ముడుచుకుంటుంది, ఇంకొకరి చెయ్యి వదులైతే వేలాడుతుంది. విడి పువ్వులు అల్లేవాళ్లు ఒకరైతే వాటిని జోడించే అతుకు పని ఇంకొకరిది. రెండు చేతుల తేడా కనిపించకుండా సర్దడంలోనే ఆమె నేర్పు. చివరికి ఉతుకు, గంజి, ఇస్త్రీ.

1982లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నరసాపురం లేసు స్త్రీల మీద పుస్తకం రాశారు. వంటావార్పూ, నీళ్లూ, పిల్లలూ చూసుకుంటూనే వాళ్లు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నారని, వచ్చేది పొలం కూలి కన్నా తక్కువని ఆమె తేల్చారు. అప్పటికి ఈ పని క్రైస్తవ వాడలు దాటి, బయటికి రాని కాపు స్త్రీల ఇళ్లకూ చేరింది. అల్లేవాళ్లు గృహిణులు, ఎగుమతి చేసేవాళ్లు వ్యాపారులు. ఎనిమిది గంటల పనిని తీరికవేళ కాలక్షేపం అంటే దానికి కూలి లెక్కగట్టే బాధ తప్పుతుంది కదా!

ఇక్కడే నాకు బైబిల్లోని సామెతల గ్రంథం 31వ అధ్యాయం గుర్తొస్తుంది. మదర్స్ డే ఆరాధనలో, స్త్రీల కూడికల్లో తప్పకుండా వినిపించే భాగం. రాజైన లెమూయేలుకు తల్లి నేర్పిన మాటలతో మొదలవుతుంది. చివరి 22 వచనాలూ గుణవతి అయిన భార్య మీద హెబ్రీ అక్షరమాల వరసలో కూర్చిన కవిత. ప్రసంగాల్లో ఆ గుణవతి చీకటితోనే లేవడం, ఓర్పు, భర్తకు తెచ్చే మంచి పేరు బాగా వినిపిస్తాయి. లెక్కల దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గుతుంది. ఆమె పొలాన్ని చూసి, ఆలోచించి కొంటుంది. తన సంపాదనతో ద్రాక్షతోట వేయిస్తుంది. ఉన్నీ, నార తెచ్చి వడుకుతుంది, బట్టలు నేసి అమ్ముతుంది, వర్తకులకు నడికట్లు సరఫరా చేస్తుంది. తన సరుకు లాభసాటిదని ఆమెకు తెలుసు. ఇంటిల్లిపాదికీ చలికి బట్టలు సిద్ధం చేసిన చేతినే బీదలవైపు చాపుతుంది. ప్రేమకీ బేరానికీ ఆ కవిత ఎక్కడా గోడ కట్టలేదు, మనమే కట్టుకున్నాం. ఆమె చేతిపని ఫలం ఆమెకే ఇవ్వమని, ఊరి గవిని దగ్గర, అంటే ఊరి ద్వారం దగ్గర, ఆమె పనులే ఆమెను పొగడాలని కూడా అందులో ఉంది. ఆ కాలంలో తీర్పులూ బేరాలూ నడిచింది గవిని దగ్గరే.

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరు సరుకు మీద పడింది, మంచిదే. పువ్వుకు ఎంత అన్న లెక్క మాత్రం లేసు తీసుకోడానికి ఏజెంటు వచ్చినప్పుడు అరుగు మీద తేలాల్సిందే.

తెలుగు క్రైస్తవ ఇళ్లలో బీదలవైపు చెయ్యి చాపే అలవాటు ఒకటుంది. ఎసట్లో పోయడానికి కొలిచిన బియ్యంలోంచి ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. ఆదివారం అది గుడికి వెళ్తుంది, అక్కణ్నుంచి పాస్టరుగారింటికో, పూట గడవని ఇంటికో. ఇంట్లో బియ్యం తగ్గాయని ఎవరూ అనుకోరు, ఎందుకంటే కొలత ఆమె చేతిలో ఉంది. ఈ పూట కొన్న బియ్యం పోయిన నెల లేసు డబ్బుతో వచ్చినవైనా కావొచ్చు. పిడికెడు తీసి డబ్బా మూత పెడుతుంది, మిగతావి కడిగి ఎసట్లో పోస్తుంది, తడిచెయ్యి పొడిగా తుడుచుకుని అరుగు మీదికి వచ్చి, ఇందాక పొడవుగా లాగి వదిలిన ముడిలోకి సూది దూరుస్తుంది.